పైన్ చెట్టుకు కట్టిన ముంత

ఫ్రాన్స్‌లోని లకనో అనే ఊరు దాటి ఉత్తరానికి తిరిగిన కాసేపటికి సైకిలు కింద ఒక చప్పుడు మొదలైంది. రెండు మూడు క్షణాలకొకసారి టక్కుమని, మళ్ళీ టక్కుమని, లెక్క తప్పకుండా వినిపిస్తోంది. చక్రంలో పుల్ల ఏదైనా ఇరుక్కుందేమోనని దిగి చూశాను. చక్రాలు రెండూ బాగానే ఉన్నాయి, చప్పుడు బాటది. అంతవరకూ వచ్చిన తారు బాట అయిపోయి సిమెంటు పలకల బాట వచ్చింది. పలకకూ పలకకూ మధ్య అతుకు దాటినప్పుడల్లా ముందు చక్రం ఒకసారి, వెనుక చక్రం ఒకసారి మోగుతున్నాయి. రెండు సైకిళ్ళు ఎదురైతే ఒకదానికొకటి ఒదిగి పోవలసినంత ఇరుకు బాట అది. ఇరుపక్కలా పైన్ చెట్లు, కింద ఇసుక, ఎక్కడో దూరంగా అట్లాంటిక్ హోరు. ఇంత అడవిలో ఈ సిమెంటు ఎవరు పోశారో, ఎందుకు పోశారో నాకు అర్థం కాలేదు.

ఫ్రాన్స్‌కు నైరుతి మూలన, బోర్దోకు పడమరగా, దక్షిణంగా సముద్రం పొడవునా పరుచుకున్న లాంద్ అడవి గురించి తులూజ్‌లో ఉంటున్న ఈ ఆరేళ్ళుగా వింటూనే ఉన్నాను. దాదాపు 10 లక్షల హెక్టార్ల అడవి, అందులో మోటారు బండికి చోటు లేని సైకిలు బాటలు. బ్రిటనీలోని రోస్కోఫ్ నుంచి స్పెయిన్ హద్దున ఉన్న ఆందాయ్ దాకా 1,200 కిలోమీటర్లకు పైబడి సాగే వెలొదిసే అనే సైకిలు మార్గం కూడా ఈ అడవి గుండానే పోతుంది. నేను పెట్టుకున్నది అయిదు రోజుల ప్రయాణం. బోర్దో నుంచి లకనో, అక్కడి నుంచి ఉర్తాన్ సరస్సు దాకా పోయి వెనక్కి తిరిగి, కాప్ ఫెరె కొసన పడవెక్కి ఆర్కషోన్ చేరుకుని, పిలా ఇసుకదిబ్బ మీదుగా మిమిజాన్. సైకిలు అద్దెకిచ్చిన దుకాణంలో రోజు అద్దె ఒకటి చెప్పి, తీరా బయలుదేరే ముందు వెనుక సంచులకు వేరే, తాళానికి వేరే కలిపేసరికి అనుకున్నదానికి సగం మళ్ళీ పెరిగింది. ఆ చిరాకుతోనే మే నెలలో ఒక ఉదయం బోర్దో వదిలాను.

బోర్దో నుంచి లకనో బాట ఒకప్పటి రైలు మార్గం. పట్టాలు తీసేసి తారు పోశారు. అరవై కిలోమీటర్ల చిల్లర దూరంలో ఎత్తూ లేదు, పల్లమూ లేదు, వంపులు కూడా తక్కువే. ఊరు దాటగానే బాట చివర ఒక చుక్కలాగా కనిపిస్తుంది, గంట తొక్కినా ఆ చుక్క అలాగే ఉంటుంది. మొదటి రోజు నన్ను అలసటకన్నా ఎక్కువగా బాధపెట్టింది నా మెడ. చీరాల నుంచి వాడరేవుకు సైకిలు తొక్కిన చిన్ననాటి రోజుల్లో, వెనుక లారీ హారన్ వినపడగానే హ్యాండిల్ తిప్పి మట్టి మార్జిన్‌లోకి దిగిపోవడం ఒంటికి అలవాటైపోయింది. ఇక్కడ వెనుక నుంచి వచ్చేది ఏదీ లేదని తెలిసి కూడా ప్రతి రెండు నిమిషాలకూ తల వెనక్కి తిరుగుతూనే ఉంది. ముప్పయ్యో కిలోమీటరు దగ్గరేమో, చాలాసేపుగా వెనక్కి చూడలేదని గుర్తుకొచ్చింది. అప్పటికి భుజాలు కూడా కిందికి దిగాయి. అక్కడి నుంచే చెట్లను చూడడం మొదలుపెట్టాను.

చూసిన కొద్దీ అవి వరసలుగా కనిపించాయి. ఒక కోణంలో చూస్తే చిక్కని అడవి, నాలుగడుగులు ముందుకు పోతే హఠాత్తుగా దారులు తెరుచుకుని, గీత గీసినట్టు నిలబడిన చెట్ల మధ్య నుంచి అవతలి వెలుగు కనిపిస్తుంది. ఈ దృశ్యం నాకు బాగా తెలుసు. మా తాతకు వాడరేవు దారిలో ఎకరంన్నర సరుగుడు తోట ఉండేది. బస్సు కిటికీలోంచి చూస్తే ఆ తోట ఇలాగే మూసుకుని, తెరుచుకుని, మళ్ళీ మూసుకునేది. అక్కడ చెట్టు వేరు, ఇక్కడ చెట్టు వేరు. కానీ కింద ఇసుక అదే, చెట్టు మొదట్లో గోధుమరంగు పరుపులా పరుచుకున్న సన్నని ఆకు కూడా అలాంటిదే. సాయంత్రం బడి వదిలాక మేం గోతాం తీసుకుని వెళ్ళి సరుగుడు ఆకు ఊడ్చుకొచ్చేవాళ్ళం. నానమ్మ పొయ్యి దానితోనే అంటుకునేది.

నేను అడవి అనుకుని వచ్చింది నాటిన తోట. ఈ ప్రాంతమంతా ఒకప్పుడు చెట్టు లేని పొదల బీడు. ఇసుక కింద ఇనుముతో గట్టిపడిన ఒక పొర ఉండి వాననీరు ఇంకనిచ్చేది కాదు, అందుకే శీతాకాలమంతా నేల మునిగి ఉండేది. ఆ నీళ్ళలో మేకలనూ గొర్రెలనూ కాసుకునే కాపరులు పొడవాటి కొయ్యకాళ్ళు కట్టుకుని తిరిగేవారు. ఊరుమ్మడి నేలల్లో కాలువలు తవ్వి నీరు తీసి చెట్లు నాటాలని మూడో నెపోలియన్ కాలంలో 1857 జూన్ 19న చట్టం వచ్చింది. చాలా గ్రామాలు ఆ ఖర్చు భరించలేక ఉమ్మడి భూములు అమ్ముకున్నాయి. పైన్ పెరిగింది, మేత పోయింది, కాపరులు పోయారు. ఇప్పుడీ అడవిలో పదింట తొమ్మిది వంతులు ప్రైవేటు ఆస్తి. మన కోస్తాలో సరుగుడు పెంచడం మొదలైనది కూడా ఆ శతాబ్దంలోనే.

సిమెంటు సంగతి తేలింది రెండో రోజు మధ్యాహ్నం. కార్కాన్ దాటాక బాట పక్కన చెక్క బల్ల ఒకటి ఉంటే, రొట్టె, జున్ను తీసి కూర్చున్నాను. డెబ్బయ్యేళ్ళు దాటిన ఒక పెద్దాయన పాత సైకిలు చెట్టుకు ఆనించి, అనుమతి అడిగి ఎదురుగా కూర్చున్నారు. ఎక్కడివారని అడిగారు. చెప్పాను. బాట ఎలా ఉందన్నారు. చాలా బాగుంది గానీ ఈ టక్కుటక్కు ఏమిటని అడిగాను.

"ఇది సైకిళ్ళ కోసం వేసింది కాదండీ," అన్నారాయన. "జర్మన్లు ఇక్కడున్నప్పుడు సముద్రం ఒడ్డున బంకర్లు కట్టారు. వాటికి సరుకులు చేరవేయడానికి ఇసుకలో దారి కావాలి కదా, దాని కోసం పోసిన సిమెంటు ఇది. యుద్ధం పోయింది, బాట ఉండిపోయింది."

నేను బాట వైపు చూశాను. పలక అంచు ఒకటి వేరు తోసుకు రావడంతో నాలుగు వేళ్ళ ఎత్తు లేచి ఉంది. దాని పగుల్లో గడ్డి మొలిచింది. నిన్నటి నుంచి ఇంత నెమ్మది ఇచ్చిన దారి యుద్ధ సామాను మోయడానికి పుట్టిందని తెలిశాక, ఆ చప్పుడు నాకు వేరుగా వినిపించింది.

నేను తింటుండగా ఆయన లేచి పదడుగుల అవతల ఉన్న ఒక ముసలి పైన్ దగ్గరికి పిలిచారు. చెట్టు మొదట్లో, నా నడుం నుంచి తల పై దాకా, బెరడు లేని నిలువు పట్టీ ఒకటి ఉంది. అరచెయ్యంత వెడల్పు. దానికి ఇరువైపులా బెరడు పెదవుల్లా ఉబ్బి, గాయాన్ని మూసుకోవడానికి ప్రయత్నించి మధ్యలో ఆగిపోయింది. అడుగున వంకర తిరిగిన రేకు ముక్క, దాని కింద తుప్పు పట్టిన మేకు. ఆయన తన సంచిలోంచి పూలకుండీ అంత మట్టి ముంత తీసి ఆ మేకు మీద నిలబెట్టి చూపించారు. లోపల పాత పైన్ జిగురు గట్టిపడి పసుపు గాజులా మెరుస్తోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంటికి రంగులేసే రోజుల్లోని టర్పెంటైన్ వాసన.

ఆయన తండ్రి జిగురు తీసేవాడట. మార్చి నుంచి అక్టోబరు దాకా, హప్‌చోట్ అనే వంకర గొడ్డలితో వారానికొకసారి గాటు తాజాగా చెక్కి, కారిన జిగురు ముంతలో పట్టి, డబ్బాలకెత్తి మిల్లుకు పంపేవారు. గాటు ఏటేటా పైకి పోతుంది కనుక ఒంటి కర్రకు మెట్లు చెక్కిన నిచ్చెన మీద ఎక్కేవారు. ముంత రాకముందు చెట్టు మొదట్లో గుంట తీసి అందులో పట్టేవారట. జిగురులో కొంత ఇసుక పాలయ్యేది. పియెర్ ఉగ్ అనే బోర్దో న్యాయవాది 1844లో ఈ మట్టి ముంతకు పేటెంటు తీసుకున్నాక ఆ నష్టం తగ్గింది. 1990 నాటికి ఆ పనే ఆగిపోయింది.

నేను నోటు పుస్తకంలో తాటిచెట్టు గీశాను. నడుముకు మోకు వేసుకున్న గీత కార్మికుడిని, తల దగ్గర వేలాడే ముంతను గీశాను. మా ఊళ్ళో ఈ పనిని 'గీత' అంటారని, మా భాషలో ఆ మాటకు అర్థం గాటు పెట్టడమేనని నాకొచ్చిన ఫ్రెంచిలో చెప్పాను. ఆయన ఆ బొమ్మను చాలాసేపు చూశారు. "మీవాళ్ళు కూడా పొద్దున్నే వెళతారా?" అని అడిగారు. తెల్లవారకముందే అన్నాను. "మా నాన్నా అంతే. చేతులు ఎంత కడిగినా అతుక్కునేవి, నా తల నిమిరితే జుట్టు ఊడొచ్చేది," అన్నారు. నాకు ఆ మాట వినగానే మా వీధి చివర ఉండే గీత కార్మికుడి ఛాతీ గుర్తుకొచ్చింది. తాటి మాను రాసి రాసి అది నల్లగా, మందంగా, బూటు తోలులా ఉండేది.

మూడో రోజు గురించి చెప్పుకోవడానికేం లేదు, వాన. కాప్ ఫెరె నుంచి పడవకు మనిషికో టికెట్, సైకిలుకో టికెట్. ఆ రాత్రి టెంటు వేసుకునేంత ఇసుక నేలకు 27 యూరోలు తీసుకున్నారు. వేడినీళ్ళు పది దాటితే రావన్నారు. కాఫీ తాగకుండా బయలుదేరాను.

ఆర్కషోన్ దాటి లా తెస్త్ ప్రాంతంలోకి వచ్చాక నీడ తెగిపోయింది. బాట ఉంది, అడవి లేదు. 2022 జులై 12న ఇక్కడ అంటుకున్న మంట, అదే రోజు లోపలి వైపు లాందిరాస్‌లో అంటుకున్న మంట కలిసి 20,000 హెక్టార్లకు పైగా కాల్చేశాయి. ఇసుకదిబ్బ కింద ఉన్న క్యాంపింగ్ స్థలాలు అయిదు కాలిపోయాయి. 1949 ఆగస్టులో ఇంతకన్నా పెద్ద మంటల్లో 82 మంది చనిపోయారు. నన్ను బాగా కలచివేసిన విషయం ఇంకొకటుంది. ఈ లాంద్‌లో నాటకుండా తమంతట తాము పెరిగిన పాత అడవుల్లో లా తెస్త్‌ది ఒకటి. ఇంటికీ పడవకూ కావలసిన కర్ర కొట్టుకునే హక్కు అక్కడి ప్రజలకు మధ్యయుగాల నుంచీ ఉంది. కాలిపోయింది ఆ అడవి. నల్లని మొద్దుల మధ్య ఫెర్న్ మొక్కలు పచ్చగా లేచాయి, వేలెడంత పైన్ పిలకలు కూడా అక్కడక్కడా ఉన్నాయి. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక బాట మీద మేట వేస్తే దిగి సైకిలు నడిపించాను. ఆ ఎండలో నీడ దొరికేదాకా ఎక్కడా ఆగలేదు.

మిమిజాన్‌లో ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి, ముంత ఫోటో ముందే పంపాను కనుక జిగురు తీసే పద్ధతి అంతా వివరంగా చెప్పాను. తర్వాత కాలిన అడవి ఫోటోలు పంపాను. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"చెట్ల కింద ఆకు అంత మందాన ఉంది కదరా, ఎవరూ ఊడ్చుకోరా?" అన్నారు.

ఊడ్చుకోరని, పొదలు మాత్రం మిషన్లతో కొట్టిస్తారని చెప్పాను.

"మన తోటలో ఒక్క రోజు ఉండనిచ్చేవాళ్ళా," అన్నారాయన. "మీ నానమ్మ వెళ్ళేసరికే ఎవరో ఒకరు ఊడ్చేసుకుపోయేవాళ్ళు. మీ తాత తోటకి నిప్పంటుకోవడం నేనెప్పుడూ చూడలేదు."

మర్నాడు పొద్దున స్టేషనుకు పోయే బాట మీద రాత్రి గాలికి రాలిన ఆకు ఒత్తుగా పరుచుకుని ఉంది. చక్రాలు దాని మీద ఏ చప్పుడూ లేకుండా దొర్లాయి.