చిన్నదాని బూట్లు

సాయంత్రం ఆఫీసు అవగానే చిన్నదాన్ని తీసుకుని లవాపియెస్ పేటలో చెప్పుల షాపుకి వెళ్ళాను. మాడ్రిడ్‌లో చలి మొదలైంది. నిరుటి బూట్లు తీసి తొడిగితే దాని కాలి వేళ్ళు లోపల ముడుచుకుపోతున్నాయి. షాపావిడ కింద కూర్చుని, బూటు ముందు భాగం బొటనవేలితో నొక్కి చూసి, స్పానిష్‌లో "సే లే ఆన్ కెదాదో పెకేన్యాస్" అంది. అచ్చం మనం "చిన్నవైపోయాయి" అన్నట్టే! పెరిగింది పిల్ల, చిన్నవైంది మాత్రం బూట్లు.

బూట్లు, అంటే బోతాస్, స్త్రీలింగం, పైగా బహువచనం. అందుకే పెకేన్యాస్. పుంలింగమైన థపాతోస్ (మామూలు షూస్) అయితే పెకేన్యోస్ అనేది. ఒక్కటే అయితే పుంలింగానికి పెకేన్యో, స్త్రీలింగానికి పెకేన్యా. మన 'చిన్న' ఇంటికైనా, పిల్లలకైనా మారకుండా అలాగే ఉంటుంది. ఈ తోకలంటే కొత్తవాళ్ళకి టెన్షన్. నాకు మాత్రం ఎంతో ఇష్టం. 31 సైజు వెతుకుతూ షాపావిడ "యో, దె పెకేన్యా..." అని మొదలుపెట్టింది. చిన్నప్పుడు అక్క బూట్లలో దూది కూరి వేసుకునేదట. అదే మాట మగవాడు చెబితే దె పెకేన్యో. మన 'చిన్నప్పుడు'లో ఆ తేడా తెలియదు.

వయసుకీ, సైజుకీ ఒకే మాట కావడం నాకు మరీ దగ్గరగా అనిపిస్తుంది. వీధిలో పండ్లమ్మే ఆయన "లా పెకేన్యా ఎలా ఉంది?" అని అడిగితే మా చిన్నది ఎలా ఉందని. రేపు ఇది అక్కని మించి పొడుగైనా లా పెకేన్యానే. మన ఇళ్ళలో నలభై ఏళ్ళొచ్చినా చిన్నోడు చిన్నోడే కదా! పొట్టి అనాలంటే ఎక్కువగా 'బాహో' అంటారు. కాసిని పాలకి, కొంచెం ఉప్పుకి పెకేన్యో పనికిరాదు, 'ఉన్ పోకో' అనాలి.

మా ఆఫీసులో మెక్సికో అమ్మాయి ఉంది. వాళ్ళ వైపు బూట్లు చిన్నవైతే 'చీకాస్' అంటారు. జ్యూస్ గ్లాసు కూడా చీకో (చిన్నది), మెదియానో (మధ్యరకం), గ్రాందె (పెద్దది). ఇక్కడ చీకో అంటే ముందు అబ్బాయే గుర్తొస్తాడు. వాళ్ళింట్లో ఆఖరి పిల్లని ఏమంటారో రేపు ఆ అమ్మాయిని అడగాలి.