మెటల్ మోసే పిట్ట

జంతువుల్ని మచ్చిక చేసుకుని బతికే వీడియో గేమ్ ఆర్క్. అది ఆడేవాళ్లని ముందు ఏ జంతువు కావాలని అడిగితే రెక్స్ డైనోసార్ అంటారు, వైవర్న్ అనే డ్రాగన్ అంటారు. నన్నడిగితే ఆర్జెంటావిస్. అందరం ఆర్జీ అనే పిలుస్తాం. చూడ్డానికి పెద్ద రాబందు, అందం ఏమీ లేదు. కానీ ఆటలో కొంత దూరం వచ్చాక పనంతా మెటల్ చుట్టూనే తిరుగుతుంది. మెటలేమో కొండల మీద, మనం ఇల్లు కట్టుకున్నదేమో సముద్రం ఒడ్డున. బరువు నెత్తికెత్తుకుని అడుగులో అడుగేసుకుంటూ దిగుతుంటే దారిలో తోడేళ్లు. టెరనోడాన్ రివ్వున ఎగురుతుంది గానీ మోయలేదు, తొందరగా అలిసిపోతుంది. ఆర్జీ నెమ్మది, అయినా మోస్తుంది. పైగా దాని దగ్గరున్న మెటల్‌కి సగం బరువే లెక్క.

మచ్చిక చేసుకోవాలంటే ముందు దాన్ని మత్తుతో పడగొట్టాలి, తర్వాత తిండి పెట్టాలి. గాల్లో తిరిగేదాన్ని బాణాలతో పడగొడదామని చూసేవాళ్లంటే నాకు నవ్వొస్తుంది. సగం బాణాలు ఆకాశానికే పోతాయి. తగిలినా అది ఏ లోయలో పడుతుందో తెలీదు. ట్రాప్ కట్టడం మేలు. రాతి డోర్‌ఫ్రేమ్‌లని ఒకదాని మీద ఒకటి నిలబెట్టి చిన్న గది, ఎక్కడానికి ఒక ర్యాంప్, పైకప్పు లేదు. ఆర్జీకి కోపమెక్కువ, మనిషి కనబడితే వెంటపడుతుంది. ర్యాంప్ ఎక్కి లోపలికి దూకి ఎదుటి ఫ్రేమ్‌లోంచి బయటపడితే చాలు. వెనకే దూకిన పిట్ట ఆ సందులో పట్టదు.

అక్కణ్నుంచి క్రాస్‌బౌ, ట్రాంక్ బాణాలు, అంటే మత్తు బాణాలు. మా తమ్ముడు పక్కన కూర్చుని "కొట్టక్కా, ఆగకుండా కొట్టు" అని ఒకటే గోల. "ఆగరా, మత్తు ఎక్కనీ" అంటే వినడు. బాణం తగలగానే మత్తంతా ఎక్కదు, కొన్ని సెకన్లు పడుతుంది. ఆ తేడా తెలియక టకటకా కొడితే పడిపోవాల్సిన పిట్ట చచ్చిపోతుంది.

నిజానికి కష్టం ఇదంతా కాదు, దీనికి ముందుది. కుళ్లిన మాంసం, నార్కోబెర్రీలు కలిపి నూరితే నార్కోటిక్, దాన్ని మళ్లీ రాతి బాణాలకి పట్టిస్తే ట్రాంక్ బాణాలు. తాజా మాంసం కళ్లముందే పాడైపోయే ఈ ఆటలో, కుళ్లిన మాంసం కావాలన్నప్పుడు మాత్రం ఎంతకీ కుళ్లదు!

పడిపోయాక పెట్టే తిండిలో గుడ్లతో చేసే కిబుల్ అన్నిటికన్నా మంచిది, తర్వాత గొర్రె మాంసం. ఎంత తక్కువ తిని మచ్చికైతే అంత లాభం. ఏమాత్రం నష్టం లేకుండా పూర్తయితే దాని లెవెల్‌లో సగం అదనంగా కలుస్తుంది. మధ్యలో ఎవరైనా కరిస్తే ఆ లాభం తరుగుతుంది. అందుకే పడుకున్న పిట్ట పక్కన కాపలా తప్పదు. కొందరు దాని ఆకలి బాగా పెరిగేదాకా ఆగి ఒకేసారి మాంసం పెడతారు. తెలివైన పద్ధతే, కానీ మత్తులో పడున్నదాని ఆకలి బార్ తగ్గుతుంటే చూస్తూ కూర్చోవడం నాకు నచ్చదు. గొర్రెని కోసినప్పుడు ఈ జాలి ఏమైందంటే జవాబు లేదు.

కాపలా కాస్తూ అసలు పక్షి గురించి చదివాను. డైనోసార్ల కాలంతో దీనికి సంబంధమే లేదు. అవి 6.6 కోట్ల ఏళ్ల కిందట పోతే, ఇది దాదాపు 60 లక్షల ఏళ్ల కిందట అర్జెంటీనాలో తిరిగింది. 1980లో పేరు పెట్టారు. రెక్కలు చాపితే 7 మీటర్లని మొదట్లో అనుకున్నారు, తర్వాతి అంచనాలు దాన్ని తగ్గించాయి. బరువు సుమారు 70 కిలోలు. అంటే ఒక మనిషి బరువు! రెక్కలు కొడుతూ చదునైన నేల నుంచి లేవడమే దానికి కష్టమని, కొండవాలునీ పైకి లేచే వేడిగాలినీ నమ్ముకుని తేలేదని 2007లో ఒక పరిశోధన లెక్కగట్టింది. పాపం, దాని మీద మనిషినెక్కించి, మెటల్ నింపి, కాళ్లకో గొర్రెని తగిలించి ఎగరమంటున్నాం.

సాడిల్‌కి 62వ లెవెల్ రావాలి. ఆ సాడిలే స్మిథీగా, అంటే పనిముట్లు చేసుకునే బల్లగా కూడా పనికొస్తుంది కాబట్టి పికాక్స్ విరిగితే కొండ మీదే కొత్తది చేసుకోవచ్చు. లెవెల్ పెరిగినప్పుడల్లా పాయింట్లన్నీ బరువుకే వేస్తున్నాను. హెల్త్‌కి వెయ్యమని తమ్ముడి పోరు. శవాన్ని తిని కోలుకునే పిట్టకి హెల్త్ ఎందుకురా అంటే మొహం మాడ్చుకున్నాడు. వాడి ఆర్జీ వాడు పట్టుకున్నాక వాడిష్టం.