పది గంటల పరీక్ష నాలుగున్నరకట!

ఇంటర్నల్ మార్కులు ఈ మధ్యాహ్నమే పంపించాను. కోపం చల్లారకముందే ఇదంతా రాసి పెడుతున్నాను.

నేను కోనసీమలో ఒక పీజీ కేంద్రంలో భూగోళశాస్త్రం చెబుతాను. గోదావరికి వరద వచ్చి కాజ్‌వేలు మునిగితే లంక గ్రామాల పిల్లలు తరగతికి రాలేరు. అందుకని ఈ సెమిస్టర్ పాఠాలూ పరీక్షలూ మూడుల్ (Moodle) అనే ఆన్‌లైన్ బోధన సాఫ్ట్‌వేర్‌లో పెట్టమన్నారు. 2002లో ఆస్ట్రేలియా నుంచి మార్టిన్ డూగియామస్ విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఎవరి సర్వర్‌లో వారు పెట్టుకోవచ్చు. ఆ స్వేచ్ఛే మా కొంప ముంచింది.

నోట్సు ఎక్కించడం సులువు. అసైన్‌మెంట్లు తీసుకోవడం ఇంకా సులువు. విద్యార్థుల జాబితాను ఎక్సెల్‌లో తయారుచేసేవారు మాత్రం హాల్‌టికెట్ నంబర్ల వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి. లేకపోతే పన్నెండు అంకెల నంబర్లను అది తనకు తోచినట్టు కుదించి చూపిస్తుంది, మూడుల్‌కు ఎక్కించే సీఎస్‌వీ ఫైలుగా దాచేటప్పుడు చివరి అంకెలు మింగేస్తుంది. సిగ్నల్ సరిగా అందని పిల్లల చేత మొబైల్ యాప్ పెట్టించండి. పాఠాలు ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా చదువుకోవచ్చు.

ఇక క్విజ్ సంగతి.

ఉదయం పదికి తెరుచుకునేలా, పదకొండుకు మూసుకునేలా పెట్టాను. పదిన్నర దాటినా ఒక్కరికీ తెరుచుకోలేదు. ఫోన్ల మీద ఫోన్లు. నా తెర మీద చూస్తే శుభ్రంగా 10:00 అనే ఉంది. కంప్యూటర్ విభాగానికి వెళ్లి చెబితే అక్కడి కుర్రాడు తలైనా ఎత్తకుండా, "ఏఎం, పీఎం సరిగ్గా చూసుకున్నారా మేడమ్?" అన్నాడు. పక్కనే ఫీజు కట్టడానికి జూనియర్ బ్యాచ్ పిల్లలు వరుసలో నిలబడి ఉన్నారు. ఇద్దరు ముఖం తిప్పుకుని నవ్వుకున్నారు. మధ్యాహ్నం సమావేశంలో మా శాఖాధిపతి, "సీనియర్లకు కంప్యూటర్ శిక్షణ పెట్టిద్దాం" అన్నారు, నా వైపు చూడకుండా. అక్కడున్న సీనియర్‌ను నేనొక్కదాన్నే.

మూడున్నరకు క్విజ్ తనంతట తానే తెరుచుకుంది. అప్పటికి పిల్లలు విసిగిపోయి ఎవరి పనుల్లో వారు పడ్డారు.

మూడున్నర అనగానే నాకు విషయం వెలిగింది. పదికీ దానికీ తేడా అయిదున్నర గంటలు. భూమి పదిహేను డిగ్రీలు తిరగడానికి గంట పడుతుంది, 82.5 డిగ్రీలకు అయిదున్నర గంటలు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడకు దగ్గరగానే పోతుంది. ఏటా నేను బోర్డు మీద గీసి చెప్పే లెక్క ఇది. ఆ రేఖ పక్కన కాపురం ఉంటూ మేము గ్రీన్‌విచ్ గడియారంతో పరీక్షలు పెడుతున్నాం! సర్వర్ పెట్టినవారు దాని టైమ్‌జోన్‌ను యూటీసీలోనే, అంటే గ్రీన్‌విచ్ కాలంలోనే వదిలేశారు. ఈ మాట కంప్యూటర్ చదివినవారికి తట్టలేదు, శిక్షణ అవసరమైన నాకు తట్టింది.

సూపరింటెండెంట్ గారికి చెబితే "నోట్ పెట్టండి మేడమ్" అన్నారు. పెట్టాను. "సర్వర్ సక్రమముగా పనిచేయుచున్నది" అని జవాబు వచ్చింది.

సరే అని నా ప్రొఫైల్‌లో టైమ్‌జోన్‌ను ఏషియా/కోల్‌కతాకు, అంటే మన భారత కాలానికి మార్చుకున్నాను. ఇక నేను పది అని పెడితే మన పదికే తెరుచుకుంటుంది. కానీ పిల్లల ప్రొఫైళ్లు సర్వర్ కాలంలోనే ఉన్నాయి, అదే పరీక్ష వాళ్ల తెర మీద ఉదయం 4:30 అని కనిపిస్తుంది. తరగతిలో పది అని చెప్పాను, సందేశం పెట్టాను. అయినా ఈ తరం మనిషి మాట కన్నా తెర మీది అంకెనే నమ్ముతుంది. తెల్లవారకముందే సఖినేటిపల్లి వైపు నుంచి ఒక తండ్రి ఫోన్ చేశారు. "అమ్మా, మా పిల్ల మూడింటికే లేచి తలకు పోసుకుని కూర్చుందండి, పేపరు తెరుచుకోవడం లేదండి." ఆయనకు రేఖాంశాల గురించి ఏమని చెప్పను? పదింటికి కూర్చోబెట్టమని చెప్పి, మళ్లీ నిద్రపట్టక కాఫీ పెట్టుకున్నాను.

మీ దగ్గరా ఇలా జరిగితే అడ్మిన్‌ను అడగవలసింది ఇది: లొకేషన్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా చేయాలి, ఫోర్స్ టైమ్‌జోన్‌లోనూ అదే పెట్టాలి. అధ్యాపకుల లాగిన్‌కు అది కనిపించదు. నోటిమాటగా అడగకండి, మెయిల్ పెట్టండి. పరీక్షకు ముందు రోజు ఒక విద్యార్థి తెర మీద సమయం ఎంతని చూపిస్తోందో మీ కళ్లతో చూడండి.

చివరికి ఒక ఉదయం చూస్తే సర్వర్ కాలం సరైపోయి ఉంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అడిగితే "అప్‌డేట్ చేశాం" అన్నారు, అంతే.

మా కామర్స్ మాస్టారికి ఆ సంగతి తెలియదు. ప్రొఫైల్ మార్చుకోమని నేను చెబితే వినకుండా, అయిదున్నర గంటలు తీసేసి పెట్టడమే తేలికని పదింటి పరీక్షకు 4:30 అని కొట్టడం అలవాటు చేసుకున్నారు. మొన్న ఆయన పరీక్ష నిజంగానే తెల్లవారుజామున నాలుగున్నరకు తెరుచుకుని, ఊరు లేచేలోపే మూసుకుపోయింది. ఆయన్ను పిలిచి ఏఎం, పీఎం చూసుకున్నారా అని అడిగారట. ఆయన ఇవ్వవలసిన సంజాయిషీని నేనే కూర్చుని రాసిచ్చాను, 82.5 డిగ్రీల రేఖ గీసిన పటం జతచేసి.