డ్రాయింగ్ చెప్పని కారణం

ప్రభుత్వ రక్షణ ప్రాజెక్టులలో మెకానికల్ ఇంజినీరుగా నాకు ఇది పదిహేడో సంవత్సరం. నాకు పని నేర్పినవారిలో సగం మంది ఇప్పటికే పదవీ విరమణ చేశారు. నేను తొలిసారి సంతకం పెట్టిన డ్రాయింగులు ఇప్పుడు కొత్తగా చేరినవారికి పాత కాగితాలుగా కనిపిస్తున్నాయి. ఏ పరికరం మీద పనిచేశానో, అది ఎక్కడ వాడుకలో ఉందో చెప్పే వీలు లేదు కనుక ఆ జోలికి పోను. ఒక భాగం ఫలానా విధంగానే ఎందుకు ఉండాలో తెలిసిన మనిషి వెళ్లిపోయాక ఆ కారణం ఎక్కడ మిగులుతుంది అన్న ప్రశ్న కొన్నేళ్లుగా నన్ను వదలడం లేదు. దాని గురించే రాస్తున్నాను.

మా పనిలో కాలం చాలా పొడవు. ఒక పరికరం ప్రాథమిక డిజైన్ సమీక్ష దాటి, తుది సమీక్ష దాటి, అర్హత పరీక్షలు పూర్తి చేసుకుని ఉత్పత్తికి చేరేసరికి ఇంజినీరు జీవితంలో ఒక దశాబ్దం గడిచిపోవచ్చు. సైన్యం చేతికి వెళ్లాక అది అంతకు ఎన్నో రెట్లు బతుకుతుంది. అమెరికా వైమానిక దళం వాడే బి-52 బాంబర్లలో చివరిది తయారైంది 1962లో. ఆ రకం విమానాలు నేటికీ సేవలో ఉన్నాయి. అలాంటి యంత్రాలను గీసినవారిని అడిగి సందేహం తీర్చుకునే అవకాశం ఏనాడో పోయింది. మిగిలినవల్లా డ్రాయింగులూ, మార్పుల రికార్డులే. కొలత ఎంత, టాలరెన్స్ (కొలతలో అనుమతించే తేడా) ఎంత, లోహం ఏది, ప్లేటింగ్ ఏది అన్నవి డ్రాయింగ్ స్పష్టంగా చెబుతుంది. ఎందుకు అన్నది మాత్రం దాదాపు ఎప్పుడూ చెప్పదు.

నేను ఉద్యోగంలో చేరిన ఐదో ఏట ఒక బ్రాకెట్ విషయంలో ఇది నాకు అర్థమైంది. దానిని 7075 అనే బలమైన అల్యూమినియం మిశ్రమలోహపు మందపాటి ప్లేటు నుంచి, టీ73 అనే హీట్ ట్రీట్‌మెంట్ స్థితిలో తయారు చేయాలని డ్రాయింగ్ చెబుతోంది. ఆ ప్లేటు రావడానికి నెలలు పడుతుందనీ, అదే లోహం టీ6 స్థితిలో తమ దగ్గర సిద్ధంగా ఉందనీ, దానితో చేయడానికి అనుమతి ఇమ్మనీ సరఫరాదారు రాశాడు. టీ6 బలం టీ73 కంటే 10 నుంచి 15 శాతం ఎక్కువ. నేను భారాలన్నీ తీసుకుని ఒత్తిడి లెక్కలు వేశాను. భద్రతా గుణకం (బలం భారానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) పెరిగిందే తప్ప తగ్గలేదు. అభ్యర్థనను సమర్థిస్తూ మూడు పేజీల నివేదిక రాసి, ఎంతో నమ్మకంతో సమీక్షకు వెళ్లాను.

అక్కడ ఉన్న పెద్దాయన నివేదికను చివరిదాకా చదివి, "ఇందులో బుష్ ఎక్కడుందయ్యా?" అని అడిగారు.

ఆ బ్రాకెట్ రంధ్రంలోకి, దాని కంటే కొన్ని పదుల మైక్రాన్లు పెద్దదైన కంచు బుష్‌ను, అంటే గొట్టం లాంటి తొడుగును, ఒత్తి బిగిస్తారు. బిగించిన క్షణం నుంచి ఆ రంధ్రం చుట్టూ ఉన్న లోహం లాగబడుతూనే ఉంటుంది. పరికరాన్ని ఎవరూ వాడకపోయినా, అది గోదాములో పెట్టెలో పడి ఉన్నా, ఆ లాగుడు ఆగదు. మందపాటి ప్లేటును రోలింగ్ చేసినప్పుడు లోహ రేణువులు పొడవు దిశలో సాగి పరుచుకుంటాయి కనుక మందం దిశలో ఇలాంటి లాగుడును అది ఓర్చుకోలేదు. దానికి తేమ, ఉప్పుగాలి తోడైతే టీ6 స్థితిలో ఉన్న 7075లో ఆ రేణువుల హద్దుల వెంట పగులు మెల్లగా పాకుతుంది. దీనినే స్ట్రెస్ కొరోజన్ క్రాకింగ్ అంటాము. టీ73లో లోహాన్ని కావాలనే గరిష్ఠ బలం దాటేదాకా ఏజింగ్ చేసి, అంటే వేడిలో ఎక్కువసేపు ఉంచి, కొంత బలం వదులుకుని, ఈ పగులును తట్టుకునే శక్తిని సంపాదిస్తారు. డ్రాయింగ్ గీసినవారు తక్కువ బలమున్న లోహాన్ని తెలిసే ఎంచుకున్నారు. నేను లెక్కించిన భారాలన్నీ పరికరం పనిచేసేటప్పుడు వచ్చేవి. అది ఊరికే పడి ఉన్నప్పటి భారం నా లెక్కలో లేనే లేదు.

పరీక్షలు ఈ తప్పును పట్టుకునేవి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పట్టుకునేవి కావు. మేము అనుసరించే మిల్ స్టాండర్డ్ 810, అంటే వాతావరణాన్ని పరికరాలు తట్టుకుంటాయో లేదో పరీక్షించే అమెరికా సైనిక ప్రమాణం, ఎంతో అనుభవంతో రాసిన పత్రం. మొదటిసారి 1962లో వెలువడి, ఎన్నో సవరణల తర్వాత 2019లో హెచ్ రూపానికి చేరింది. అందులోని ఉప్పుపొగ పరీక్షలో 35 డిగ్రీల దగ్గర 5 శాతం ఉప్పునీటిని 24 గంటలు చల్లి, 24 గంటలు ఆరబెట్టి, మళ్లీ అదే చేస్తారు. మొత్తం నాలుగు రోజులు. పదేళ్లకు బయటపడే పగులు నాలుగు రోజులలో కనిపించాలన్న నియమం లేదు. ఈ పరీక్షతో ఆయుష్షును అంచనా వేయడం నమ్మదగింది కాదని ఆ ప్రమాణమే చెబుతుంది. నా బ్రాకెట్ అన్ని పరీక్షలలోనూ నెగ్గి, నా సంతకంతో బయటికి వెళ్లి ఉండేది. గోదాము నుంచి తీసిన రోజున దాని మీద ఆధారపడే సైనికుడికి పనిముట్టును ఎంచుకునే హక్కు ఉండదు. ఆ ఆలోచన ఇప్పటికీ నా గుండెను బరువెక్కిస్తుంది.

ఆ పెద్దాయన ఎంతటి జ్ఞాపకశక్తి గలవారో అంతగా రాతకు దూరం. ఆయన వెళ్లేముందు నేను నోటుపుస్తకంతో కూర్చుని ఎన్నో అడిగి రాసుకున్నాను. అడగాలని తోచనివి ఆయనతోనే పోయాయి. ఆయనను తప్పుపట్టలేను, ఎందుకంటే మా మార్పుల పత్రంలో "కారణం" అన్న గడి ఒక్క వరుస వెడల్పే ఉంటుంది, గడువు ముంచుకొచ్చినప్పుడు అందులో "ఉత్పత్తి సౌలభ్యం కోసం" అని రాసి అందరం ముందుకు సాగుతాము. గడువు తప్పితే లెక్క అడిగేవారు ఉన్నారు, కారణం తప్పిపోతే అడిగేవారు లేరు. ఈ పద్ధతి తప్పని నేను సమావేశాలలో చాలాసార్లు అన్నాను. నిర్వహణ పదవికి మారమని రెండుసార్లు పిలుపు వచ్చినా డ్రాయింగుల దగ్గరే ఉండిపోవడానికి ఇదే ముఖ్య కారణం.

కిందటి నెలలో మా బృందంలోని ఒక యువ ఇంజినీరు పాత డ్రాయింగ్ తీసుకుని వచ్చింది. ఒక అల్యూమినియం పెట్టెను చట్రానికి ఎనిమిది స్టీలు బోల్టులతో బిగిస్తారు. తుప్పు పట్టకుండా ఏడింటికి సీలెంట్ (తేమ చొరకుండా మూసే పూత) పూసి బిగించాలనీ, ఎనిమిదోదానిని పొడిగానే బిగించాలనీ అందులో ఉంది. ఎనిమిదింటినీ ఒకేలా చేస్తే పని సులువవుతుందని ఉత్పత్తి విభాగం అడిగింది. "ఇది పాత పొరపాటేమో సార్" అంది ఆమె. నాకూ తెలియదు. రికార్డులో ఒక్క ముక్క లేదు. ఇద్దరం ఎలక్ట్రికల్ విభాగానికి వెళ్లి, పాత ఫైళ్లు మూడు రోజులు తిరగేస్తే దొరికింది: ఆ పెట్టెకు చట్రంతో విద్యుత్ సంబంధం ఆ ఒక్క బోల్టు కింద, రంగు వేయకుండా వదిలిన చోటు ద్వారానే ఉంది. అక్కడి నిరోధం 2.5 మిల్లీఓమ్‌లు దాటకూడదు, సీలెంట్ పూస్తే అది విద్యుత్తుకు అడ్డుపడుతుంది.

అభ్యర్థనను తిరస్కరించాము. తిరస్కరించడానికి ఒక్క వరుస చాలు. ఆమె మాత్రం అర పేజీ రాసింది, కొలతతో సహా, ఆ ఫైలు ఎక్కడ ఉందో దాని సంఖ్యతో సహా. గడిలో పట్టలేదు కనుక అనుబంధంగా జత చేసి, డ్రాయింగ్‌లో ఆ బోల్టు పక్కన అనుబంధం సంఖ్య వేయించాము.