గుణదల కొండెక్కి మొక్కు తీర్చుకున్నాను

ఫిబ్రవరి 10న విజయవాడలోని గుణదల వెళ్లి మరియమాతకు మొక్కు చెల్లించుకుని వచ్చాను. పిక్కల నొప్పులు ఇంకా తగ్గలేదు. అయినా గుండెలో ఉన్న వేడి చల్లారకముందే రాసెయ్యాలనిపించింది. ప్రభుత్వ టీచర్ ఉద్యోగాల పరీక్ష డీఎస్సీకి చదువుతూ, నోటిఫికేషన్ కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తూ, ఇంట్లోనూ బయటా మాటలు పడుతున్న అక్కచెల్లెళ్లు, తమ్ముళ్లు ఎంతోమంది ఉన్నారు. ముఖ్యంగా వాళ్లు చదవాలని నా కోరిక.

నా పుట్టిల్లు ఫిరంగిపురం. మేం కథోలికులం. మెట్టినిల్లు గుంటూరు, వాళ్లు లూథరన్లు, అంటే ప్రొటెస్టెంట్లు. అత్తమ్మకు మొక్కులంటే పడదు. "మీ ఊళ్లోనే కార్మెల్ మాత కొండ ఉందిగా, మళ్లీ గుణదల దాకా ఎందుకమ్మా? దేవుడు గుంటూరులో వినడా?" అంది. వింటాడు. కానీ 2018 డీఎస్సీ ఫలితం చూసుకున్న రాత్రి నేను తలచుకున్నది గుణదల తల్లినే. మా అమ్మ నన్ను కడుపుతో ఉన్నప్పుడు మొక్కుకున్న తల్లి ఆమె. టీచర్‌గా కుర్చీలో కూర్చున్న ఏడాదే చెప్పుల్లేకుండా కొండెక్కి, పైన సిలువ దాకా సిలువ మార్గం చేసుకుంటానని ఆ రాత్రి మాటిచ్చాను. యేసు సిలువ మోసిన దారిని పద్నాలుగు స్థలాలుగా, ఒక్కో చోట ఆగి ధ్యానించుకునే ప్రార్థన అది.

ఆ మాటకు, ఈ కొండకు మధ్య ఎంత జరిగిందో! కొద్ది మార్కుల్లో పోయిన ఉద్యోగం గురించి చుట్టాలు ఎదురుపడ్డప్పుడల్లా గుర్తు చేసేవాళ్లు. ఒక ప్రైవేటు బడిలో చేరాను. జీతం ఏ నెలా సమయానికి వచ్చేది కాదు. బాబు పుట్టాడు. కరోనాలో ఆ బడి కూడా మూతపడింది. జాకెట్లు కుట్టాను, ట్యూషన్లు చెప్పాను. రాత్రి అంట్లు తోముకుని పుస్తకం తెరిస్తే పిల్లాడికి జ్వరం, లేకపోతే కరెంటు కోత. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చిందని ఎగిరి గంతేసి ఫీజు కట్టాను. ఎన్నికలొచ్చి పరీక్ష ఆగింది, తర్వాత ఆ నోటిఫికేషనే రద్దయింది. ఆ రోజు పుస్తకాలన్నీ గోనెసంచిలో వేసి అటక మీద పెట్టించాను.

వాటిని దింపించింది అత్తమ్మే. ఏమీ అనకుండా మా ఆయన చేత దింపించి, దుమ్ము దులిపి, బీరువా తలుపు మీద సుద్దముక్కతో "గురి యొద్దకే పరుగెత్తుచున్నాను" అని రాసింది. పౌలు ఫిలిప్పీయులకు రాసిన మాట. బంధకాల్లో ఉండి రాశాడాయన. కాళ్లకు సంకెళ్లు ఉన్నవాడు పరుగు గురించి రాశాడంటే ఆ పరుగు కాళ్లతో చేసేది కాదని ఆ రాత్రి అర్థమైంది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చేనాటికి ఆ అక్షరాలు చెరిగిపోతే రెండోసారి దిద్దింది. జూన్‌లో పరీక్ష రాశాను. సెప్టెంబరులో నియామక పత్రం అందుకున్నాను. సెకండరీ గ్రేడ్ టీచర్‌ని!

సరే, యాత్ర సంగతి.

తిరునాళ్లు 9 నుంచి 11 వరకు. 1858లో ఫ్రాన్సులోని లూర్దు గుహలో బెర్నదెత్తమ్మ అనే అమ్మాయికి మరియ తల్లి మొదటిసారి కనబడింది ఫిబ్రవరి 11నే కాబట్టి ఆ రోజు జనం ఇంకా ఎక్కువని 10న సెలవు పెట్టుకుని వెళ్లాం. ఎక్కువ తక్కువల తేడా ఏమీ కనబడలేదు. బస్టాండు నుంచి ఆటోవాడు ఎక్కడ దింపాడో, ఎంత దూరం నడిచామో నాకు సరిగ్గా తెలియదు. జనం ఎటు కదిలితే అటు కదిలాం. 1924లో అర్లాటి ఫాదర్ కొండ గుహలో తల్లి స్వరూపం నిలబెట్టిన రోజున ఇక్కడ ఎంతమంది ఉండి ఉంటారో గానీ, ఇప్పుడు మాత్రం రాష్ట్రం మొత్తం ఇక్కడే ఉన్నట్టుంది. కథోలికులే కాదు, అన్ని సంఘాలవాళ్లు, బొట్టు పెట్టుకున్నవాళ్లు, కొబ్బరికాయలు పట్టుకున్నవాళ్లు, గుండ్లు కొట్టించుకున్నవాళ్లు. అందరూ ఆ తల్లి పిల్లలే, రావాలి. కానీ ముసలివాళ్లు వరసలో నిలబడి ఉంటే తాడు కింద నుంచి దూరి ముందుకు పోయే కుర్రాళ్లను చూస్తే బాధేసింది. మెట్ల మధ్యలో ఆగి ఫొటోలు దిగేవాళ్ల వల్ల వెనకున్నవాళ్లు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. తల్లి దగ్గరికొచ్చి పక్కవాళ్లను తోసెయ్యాలని ఎలా అనిపిస్తుందో!

బాబును మా ఆయన దగ్గర కింద వదిలి, నేను సిలువ మార్గం పుస్తకం పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాను. అమ్మ ఇచ్చిన పాత పుస్తకం అది, పేజీకి ఒక బొమ్మ. సిలువ మార్గం ఎక్కువగా చేసుకునేది ఈస్టరుకు ముందొచ్చే తపస్సు కాలంలో. అది మొదలయ్యే భస్మ బుధవారం ఈ ఏడాది 18న గానీ రాదు. అయినా మొక్కు మొక్కే.

కొంచెం ఎక్కి, పక్కకు తప్పుకుని ఒక స్థలం చదువుకోవడం, మళ్లీ ఎక్కడం. మూడో స్థలం, యేసు మొదటిసారి కింద పడటం. చిన్నప్పటి నుంచి చదువుతున్నదే. ఈసారి ఆ తర్వాతి పేజీల దగ్గర ఆగిపోయాను. నాలుగులో తల్లి ఎదురొస్తుంది. అయిదులో కురేనీయ సీమోను సిలువ పట్టుకుంటాడు. ఆరులో వెరోనికమ్మ ముఖం తుడుస్తుంది. ముగ్గురూ ఆయన పడ్డాకే వచ్చారు. నేనూ 2018 డీఎస్సీలో పడ్డాకే కదా, మా అమ్మ తన గాజులు అమ్మి కోచింగ్ ఫీజు కట్టింది. మా ఆయన పని నుంచి వచ్చి అన్నం వండాడు. అత్తమ్మ సుద్దముక్క పట్టుకుంది. ఇంతమంది సాయం చేశాక కూడా ఏడో స్థలంలో ఆయన మళ్లీ పడ్డాడు. నేనూ పడ్డాను.

మూడుసార్లు పడ్డాడని సువార్తల్లో ఎక్కడుందని అత్తమ్మ అడుగుతుంది. ఆ మాట నిజమే, అది సంప్రదాయంలో వచ్చింది. కానీ సీమోను గురించి మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ రాశారు. మోయగలిగి ఉంటే ఇంకొకరి భుజం ఎందుకు కావాల్సి వచ్చింది?

తొమ్మిదో స్థలం దగ్గరికి వచ్చేసరికి నా పని అయిపోయింది. ఎండ ఎక్కింది. పొద్దున్నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. రాయి కాలుతోంది, అరికాల్లో ఏదో గుచ్చుకుని రక్తం వస్తోంది. అంతలో పై నుంచి దిగేవాళ్లు, కింద నుంచి ఎక్కేవాళ్లు ఒకచోట ఇరుక్కుని ఒక్కసారిగా తోసుకున్నారు. కళ్లు తిరిగాయి. పట్టుకోవడానికి ఏమీ లేదు. మోకాళ్ల మీద పడ్డాను, నా చేతి మీద ఎవరిదో కాలు పడింది. అంతమందిలో "అయ్యో" అన్నవాళ్లే గానీ ఆగినవాళ్లు లేరు.

ఒక్కామె ఆగింది. నా రెక్క పట్టుకుని బండ పక్కకు లాగి, తను కూర్చున్న చోట కూర్చోబెట్టింది. "ఏవయ్యో, ఇట్టా అడ్డంగా నిలబడు" అని మొగుణ్ణి కేకేసింది. ఆయన రెండు చేతులూ చాపి, జనానికి వీపు పెట్టి గోడలా నిలబడ్డాడు. ఆమె ఒళ్లో పిల్లాడు, గుండు మీద చందనం ఇంకా తడిగా ఉంది. సీసాలో మజ్జిగ నా నోటికి అందించింది. నా పాదం తన మోకాలి మీద పెట్టుకుని, కొంగు పిన్నీసుతో ముల్లు తీసింది. నేను వెనక్కి లాక్కోబోతే "ఊరుకోండి, రోజూ మిరపచేలో మాకిదే పని" అంది. తిరువూరు అవతల పల్లెట. కూలికెళ్తారట. పిల్లల కోసం చాలా ఏళ్లు చూసి ఈ తల్లికి మొక్కుకుంటే వాడు పుట్టాడట. పుట్టెంట్రుకలు తీయించడానికి వచ్చారు. క్రైస్తవులు కారు.

నా ఒళ్లో తెరిచి ఉన్న పుస్తకంలో బొమ్మ చూసి అడిగింది, "ఈయన ఎందుకు పడిపోయాడు టీచరమ్మా?"

"బరువు మోయలేక. ఇది మూడోసారి."

"మూడు మాట్లా! మళ్లీ లేచాడా?"

"లేచాడు."

"అయితే మీరూ లేవండి. మజ్జిగ తాగారుగా."

ఏడుపు ఆగలేదు నాకు. ఎన్ని వాక్య ఉపదేశాలు విన్నానో, ఎన్ని ఉపవాస కూటాలకు వెళ్లానో! నాకు కావాల్సిన మాట, సిలువ మార్గం అంటే ఏమిటో తెలియని ఒక తల్లి నోట పెట్టాడు దేవుడు. పేరు అడిగేలోపే పిల్లాడు గుక్కపట్టాడు, వాళ్లు దిగిపోయారు. సీమోను కూడా పొలం నుంచి వస్తూ ఆ దారిన పోతున్నవాడే అని మార్కు రాశాడు. ఈమె కూడా అలాగే వచ్చింది. ఆ పిల్లాణ్ణి, ఆ ఇంటిని ప్రభువు కాపాడాలి. రోజూ జపమాలలో వాళ్లకోసం ఒక మంగళవార్త జపం చెప్పుకుంటున్నాను.

మిగిలిన అయిదు స్థలాలూ నడిచాను. పైన 1933లో నిలబెట్టిన సిలువ, 18 అడుగులది. అక్కడ నియామక పత్రం నకలు తీసి, రెండు చేతుల్లో పట్టుకుని "ప్రభువా, ఇది నీది" అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు. కింద బెజవాడంతా పొగమంచులా కనబడుతోంది, మైకుల హోరు అక్కడిదాకా వస్తోంది.

గుహ దగ్గర మళ్లీ వరస, మళ్లీ తోపులాట. కొవ్వొత్తుల సెగకు ముఖాలు మండుతున్నాయి. వలంటీర్లు "నడవండి, నడవండి" అని అరుస్తూనే ఉన్నారు. వాళ్ల తప్పు లేదు, అంతమందిని ఎలా పంపుతారు? తల్లి ముందుకు వచ్చేసరికి "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము" అని మొదలుపెట్టాను, పూర్తికాకుండానే పక్కకు జరిపేశారు. కానీ చూశాను. చేతులు జోడించి నిలబడ్డ నా తల్లిని కళ్లారా చూశాను. అడగాలని అనుకున్నవన్నీ మరిచిపోయాను. ఒక్కటే నోట్లోంచి వచ్చింది, నా స్నేహితురాలి పేరు. నాతోపాటు కోచింగ్‌లో ఒకే బెంచీ మీద కూర్చుని, నాకంటే బాగా చదివి, ఈ మెగా డీఎస్సీలో కూడా అందనిది. నాకు ఉద్యోగం వచ్చినప్పటి నుంచి తనకు ఫోన్ చెయ్యాలంటే నా నోరు పెగిలేది కాదు.

తిరుగు బస్సులో సీటు దొరకలేదు. మెట్ల దగ్గర నిలబడే తనకు ఫోన్ చేశాను. నీ పేరు మీద కొవ్వొత్తి వెలిగించానే అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: "సంతోషమే. కొవ్వొత్తితో పాటు నీ సైకాలజీ నోట్సు కూడా పంపించు. మళ్లీ టీచర్ అర్హత పరీక్ష టెట్ నుంచి మొదలుపెట్టాను, మార్కులు పెంచుకోవాలి."

ఆ రాత్రే కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని కూర్చుని, నోట్సు మొత్తం పేజీ పేజీ ఫొటో తీసి పంపించాను. మెథడాలజీది అత్తమ్మ వెతుకుతోంది, దొరకగానే అదీ పంపుతాను.