కొలత సరే, లెక్క ఎక్కడ తప్పింది?

భూమి లెక్కల్లో గుణకారం తప్పడం ఈ రోజుల్లో తక్కువ. అందరి ఫోన్లోనూ క్యాలిక్యులేటర్ ఉంది. తప్పు జరిగేదంతా అందులో అంకె కొట్టకముందే.

ఎకరా ఐదు సెంట్లను 1.5 అని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎకరాకు 100 సెంట్లు కాబట్టి అది 1.05. 1.5 అంటే ఎకరన్నర. ఒక్క సున్నా పోతే 45 సెంట్లు అటో ఇటో అయినట్టే. చుక్క తర్వాత ఎప్పుడూ రెండు అంకెలు ఉండాలి. దస్తావేజు డ్రాఫ్టు చేతికొచ్చినప్పుడు అంకెల్లో ఉన్నదీ అక్షరాల్లో ఉన్నదీ ఒకటేనా అని ముందు అదే చూసుకోవాలి.

కర్నూలు వాళ్లకు ఇంకో చిక్కుంది. తుంగభద్ర దాటి అలంపురం వైపు పోతే సెంట్ల మాటే ఉండదు, అంతా గుంటలే. ఎకరాకు 40 గుంటలు. అక్కడి కాగితంలో 2.20 అంటే రెండున్నర ఎకరాలు. మనం దాన్ని రెండెకరాల ఇరవై సెంట్లని చదువుకుంటే 30 సెంట్లు తక్కువ చూసినట్టు. రాయదుర్గం నుంచి బళ్లారి వైపు పోయినా ఇదే కథ. గుంటంటే 121 గజాలు, రెండున్నర సెంట్లు. చుక్క తర్వాత 39 దాటిన అంకె కనిపించిందంటే అవి గుంటలు కావని ధైర్యంగా చెప్పొచ్చు. దాటకపోతే మాత్రం అడిగి తీరాలి.

అడుగులు, అంగుళాల దగ్గరా ఇదే రోగం. నేలకు పరిచే బేతంచెర్ల బండ ఒకటి రెండడుగుల ఆరంగుళాల పొడవు, అడుగు తొమ్మిదంగుళాల వెడల్పు ఉందనుకోండి. 2.6 × 1.9 అని కొడితే 4.94 చదరపు అడుగులు వస్తుంది. అసలు కొట్టాల్సింది 2.5 × 1.75, అంటే 4.375. వంద బండలకు 56 చదరపు అడుగులకు పైగా ఊరికే డబ్బు కట్టినట్టు. అంగుళాలను 12తో భాగించి, వచ్చింది అడుగులకు కలపాలి, అంతే. పది అంగుళాలను .10 అని కొడితే మాత్రం నష్టం అమ్మేవాడికే.

ఇక అసలు సంగతి, సగటు. నాలుగు వైపులా టేపు పట్టి, ఎదురెదురు గట్లను కూడి సగం చేసి, ఆ రెండు సగాలనూ గుణించే పద్ధతి ఊళ్లలో బాగా నడుస్తుంది. మూలలన్నీ మూలమట్టానికి సరిపోతేనే అది కరెక్టు. ఏ మూల వంగినా లెక్క పెరుగుతుందే గాని ఎన్నడూ తగ్గదు. అందుకే అమ్మేవాళ్లకు ఈ పద్ధతంటే అంత ప్రేమ! గణితజ్ఞుడు బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో ఈ సూత్రం చెప్పినప్పుడే దీన్ని స్థూల ఫలం అన్నాడు. అంటే ఉరామరిగా వచ్చే లెక్కని.

నాలుగు గట్లూ 200 అడుగులే ఉన్న చేను తీసుకుందాం. సగటు లెక్కలో 40,000 చదరపు అడుగులు. సెంటుకు 435.6 చొప్పున 91.8 సెంట్లు. ఇప్పుడు ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపు పట్టండి. 240 అడుగులు వచ్చిందనుకుందాం. చేను రెండు త్రిభుజాలైంది, ఒక్కోదాని భుజాలు 200, 200, 240. మూడూ కూడి సగం చేస్తే 320. అందులోంచి ఒక్కో భుజం తీసేస్తే 120, 120, 80. ఈ మూడింటినీ 320తో కలిపి గుణించి వర్గమూలం తీస్తే 19,200. రెండు త్రిభుజాలకు 38,400, అంటే 88.15 సెంట్లు. మూడున్నర సెంట్లకు పైగా గాల్లో కొన్నట్టే. సెంటు లక్ష పలికే చోట ఎంతో మీరే వేసుకోండి. ఆ అయిదో కొలత కోసం అడగడానికి మొహమాటపడితే ఇంత ఖర్చు.

సర్వేయర్లు సగటు వేయరు. పాత ఎఫ్ఎంబీ (సర్వే వాళ్ల పొలం కొలతల పుస్తకం) నకలు చూస్తే పొలం మధ్యలో కర్ణం గీసి, దాని నుంచి మూలలకు దూరాలు రాసి ఉంటాయి. అయితే ఆ అంకెలు లింకుల్లో ఉన్నాయేమో గమనించాలి. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. లింకులను అడుగులని పొరబడితే పొలం రెండింతలు దాటి కనబడుతుంది. లింకుల్లోనే వైశాల్యం కట్టి 1000తో భాగిస్తే నేరుగా సెంట్లు వచ్చేస్తాయి.

అనంతపురం వైపు పంట కుంటలు తవ్వించేవాళ్లకు ఒక మాట. పైన 20 మీటర్ల చదరం, లోతు 3 మీటర్లు అనగానే 1200 ఘనపు మీటర్లని బిల్లు వేస్తారు. గట్టు నిలవాలంటే వాలు ఉండాలి. మీటరు లోతుకు ఒకటిన్నర మీటరు వాలిస్తే అడుగున మిగిలేది 11 మీటర్ల చదరమే. పైవైశాల్యం 400, అడుగుది 121, సగం లోతులో 15.5 మీటర్ల చదరం కాబట్టి 240.25. మధ్యదాన్ని నాలుగింతలు చేసి మిగతా రెండూ కూడి, లోతుతో గుణించి ఆరుతో భాగిస్తే 741. తవ్విన మన్నూ అంతే, కుంట నిండితే పట్టే నీళ్లూ అంతే. ఆ నీళ్లు ఎన్ని తడులకు సరిపోతాయో 7.41 లక్షల లీటర్ల మీదే వేసుకోవాలి, 12 లక్షల మీద కాదు.