మార్వెల్ కామిక్స్ ఎక్కడ మొదలుపెట్టాలి? ఒకటో నంబరు నుంచి మాత్రం వద్దు

సినిమాలన్నీ చూసేశాం, ఎండ్‌గేమ్ అయితే థియేటర్లో రెండుసార్లు చూశాం, ఇక కామిక్స్ చదువుదామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టమంటావు అని నన్ను అడిగేవాళ్లు ఎక్కువైపోయారు. అడిగిన ప్రతివాళ్లూ ఈపాటికే నెట్‌లో వెతికి, ఏదో ఒక రీడింగ్ ఆర్డర్ లిస్టు తెరిచి, అందులో ఉన్న వందల పేర్లు చూసి బెదిరిపోయి వచ్చినవాళ్లే. ముందు ఆ లిస్టు మూసేయండి. సినిమాలకి వరస ఉంది కాబట్టి కామిక్స్‌కీ ఉంటుందనుకోవడం దగ్గరే టెన్షన్ అంతా మొదలవుతోంది.

ఇప్పుడు మనం మార్వెల్ అంటున్న ప్రపంచం 1961 నవంబరు తేదీతో వచ్చిన ఫెంటాస్టిక్ ఫోర్ మొదటి సంచికతో మొదలైందని లెక్క. అక్కడి నుంచి ఈ రోజు దాకా నెలనెలా, డజన్ల కొద్దీ పత్రికలు, ఎక్కడా ఆగకుండా వస్తూనే ఉన్నాయి. డగ్లస్ వోక్ అనే విమర్శకుడు వాటిలో 27,000కు పైగా సంచికలు కూర్చుని చదివి 2021లో ఒక పుస్తకం రాశాడు. అది రాయడం ఆయన వృత్తి. అంత చదివిన మనిషి కూడా వరసపెట్టి చదవలేదు, ఏది బుద్ధి పుడితే అది చదువుకుంటూ పోయాడు. మనకెందుకండీ ఆ పట్టుదల!

పైగా, మొదటి నుంచి చదవడానికి ఆ మొదలు ఒకచోట నిలిస్తే కదా. 1963లో ఐరన్‌మ్యాన్ కథ మొదలైనప్పుడు టోనీ స్టార్క్ గాయపడి పట్టుబడింది వియత్నాంలో. 2005లో మొదలైన ఎక్స్‌ట్రీమిస్ కథలో అదే సంఘటన అఫ్ఘానిస్తాన్‌కి మారిపోయింది, మనం సినిమాలో చూసింది అదే. స్పైడర్‌మ్యాన్ 1962లో హైస్కూలు కుర్రాడు, అరవై ఏళ్లు గడిచినా ఇంకా ముప్ఫై చుట్టుపక్కలే తిరుగుతున్నాడు. అంటే కథలు అలాగే ఉంటాయి, వాటి కింద కాలం మాత్రం జరిగిపోతూ ఉంటుంది. 1961లో మొదలుపెట్టినా మీరు చదివేది ఇప్పటి కథకి పునాది అని గ్యారంటీ ఏమీ లేదు.

మనలో ఎంతమంది మహాభారతంలోకి ఆదిపర్వం నుంచి వెళ్లాం? చాలామందికి దారి మాయాబజార్. శశిరేఖ పెళ్లి కథ వ్యాసుడి భారతంలో లేనే లేదు, ఆ సినిమాలో పాండవులు ఒక్కసారైనా తెర మీద కనపడరు. అయినా ఘటోత్కచుడు ఎవరు, బలరాముడు ఎందుకు మాట మార్చాడు, శకుని ఏం ఆడిస్తున్నాడు, అన్నీ పిల్లలకి కూడా అర్థమయ్యాయి. ముందు ఇది చదివితేగానీ అది అర్థం కాదు అని అప్పుడు మనకి ఎవరూ అడ్డం పడలేదు. మార్వెల్ కూడా అలా దూరిపోవాల్సిన వ్యవహారమే.

అసలు ఈ ఉమ్మడి ప్రపంచం ఎంత తేలిగ్గా మొదలైందో చూడాలంటే 1963లో వచ్చిన అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ మొదటి సంచిక చూడండి. పీటర్ పార్కర్ ఇంట్లో డబ్బుల్లేవు, పెదనాన్న పోయాడు, మే పెద్దమ్మ అద్దె కట్టలేకపోతోంది. వీడు ఏం చేస్తాడంటే ఫెంటాస్టిక్ ఫోర్ ఉండే బిల్డింగులోకి దొంగలా దూరి, నలుగురితోనూ తలపడి, నా పనితనం చూశారుగా, నన్ను చేర్చుకోండి, జీతం ఎంతిస్తారు అని అడుగుతాడు. మేం లాభాల కోసం నడిపే సంస్థ కాదు బాబూ, జీతాలేమీ ఉండవు అంటారు వాళ్లు. మొహం మాడ్చుకుని వెళ్లిపోతాడు. అంతే, రెండు పత్రికల వాళ్లు ఒకే న్యూయార్కులో ఉంటున్నారని పాఠకుడికి తెలిసిపోయింది. దానికోసం ఫెంటాస్టిక్ ఫోర్ పాత సంచికలు చదివి ఉండక్కర్లేదు. ఆ రోజుల్లో దాదాపు అన్నిటికీ మాటలు రాసేది స్టాన్ లీనే, బొమ్మలు జాక్ కిర్బీ, స్టీవ్ డిట్కో లాంటి కొద్దిమందివి, అందుకే ఒకరి కథలోకి ఇంకొకరు పక్కింటికి వచ్చినట్టు వచ్చేవాళ్లు.

పాత సంచికల్లో ఒక చిన్న నక్షత్రం గుర్తు పెట్టి, కింద డబ్బాలో "ఈ గొడవ ఫలానా సంచికలో చూడండి" అని ఎడిటర్ నోటు ఉంటుంది. కొత్తవాళ్లు ఆ నక్షత్రం కనపడగానే చదవడం ఆపేసి ఆ సంచిక వెతకడానికి బయల్దేరతారు. వెతకొద్దు. అది పాత సరుకు అమ్ముకోవడానికి పెట్టిన ప్రకటన కూడా అని గుర్తుపెట్టుకోండి. అవసరమైన సంగతి ఆ పేజీలోనే చెప్పేస్తారు. 1978 నుంచి 1987 దాకా ఎడిటర్-ఇన్-చీఫ్‌గా ఉన్న జిమ్ షూటర్ అయితే, ప్రతి సంచికా ఎవరో ఒకరికి మొదటిదే అవుతుందనుకుని రాయమని రచయితల వెంటపడేవాడు. అందుకే ఆ కాలం కథల్లో ప్రతివాడూ కొట్టుకుంటూ కొట్టుకుంటూనే తన పేరు, తన శక్తి, తన బాధ అన్నీ వల్లెవేస్తాడు. వరసగా చదివితే విసుగు, కొత్తగా వచ్చినవాడికి మాత్రం వరం.

సరే, మరి ఏం పట్టుకుని వెళ్లాలి? నంబర్లు కాదు, హీరో కూడా కాదు. రచయిత, చిత్రకారుడు. ఒక జంట ఒక పత్రిక పట్టుకుని కొన్నాళ్లు నడిపితే దాన్ని రన్ అంటారు, అది దాదాపు ఒక నవల లాగే మొదలై ఒక నవల లాగే ముగుస్తుంది. మీరు చదవాల్సింది రన్లు. నంబర్లని ఎందుకు నమ్మకూడదో ఒక్క ముక్క చెప్తాను: కెప్టెన్ అమెరికా 2005లో మళ్లీ ఒకటో నంబరు నుంచి మొదలైంది, వింటర్ సోల్జర్ కథ అందులోదే, ఎడ్ బ్రూబేకర్ రాశాడు. 2009లో 50వ సంచిక వచ్చింది. తర్వాత ఏది రావాలి? 600 వచ్చింది. పాత లెక్కలన్నీ కూడి గుండ్రటి నంబరు వేస్తే ఎక్కువ అమ్ముడవుతుందని. ఇలాంటి చోట ఒకటో నంబరు అంటే కథ మొదలని అర్థం కాదు, కొత్తగా అమ్మకానికి పెట్టారని అర్థం.

నేను ఎవరికైనా మొదట చేతిలో పెట్టేది హాకై, 2012లో మొదలైంది, మాట్ ఫ్రాక్షన్ రాశాడు, బొమ్మలు ఎక్కువగా డేవిడ్ అయా. మొత్తం 22 సంచికలు. సినిమాల్లో ఎవరూ పట్టించుకోని విల్లు మనిషి, ఎవెంజర్స్ డ్యూటీ లేనప్పుడు ఏం చేస్తుంటాడు అన్నదే కథ. బ్రూక్లిన్‌లో పాత అపార్ట్‌మెంట్, అద్దెలు పెంచి జనాన్ని వెళ్లగొడుతున్న ట్రాక్‌సూట్ రౌడీలు, ప్రతి వాక్యానికీ "బ్రో" అంటారు, మేడ మీద వంటలు చేసుకునే ఇరుగుపొరుగు, పిజ్జా తినే ఒంటికన్ను కుక్క. ప్రపంచం మునిగిపోయే ప్రమాదం ఎక్కడా లేదు. ఈ రన్‌లో 11వ సంచిక గురించి చెప్పకుండా ఉండలేను. బిల్డింగులో ఒక హత్య జరుగుతుంది, సంచిక మొత్తం ఆ కుక్క వైపు నుంచి నడుస్తుంది. మనుషుల మాటలు బుడగల్లో గీతలు గీతలుగా ఉంటాయి, కుక్కకి తెలిసిన నాలుగు మాటలు మాత్రమే చదవడానికి వీలుగా కనిపిస్తాయి. ఎవరైనా ఎదురుపడితే వాళ్ల చుట్టూ చిన్న చిన్న గుర్తులు: వీళ్ల దగ్గర కాఫీ వాసన, ఫలానా మనిషి వాసన, భయం వాసన. వాసనల మీదే దర్యాప్తు! దీనికి 2014లో ఐస్‌నర్ అవార్డు, అంటే కామిక్స్‌కి ఇచ్చే పెద్ద అవార్డు, వచ్చింది. సినిమాలో చేయలేనిది, కథల పుస్తకంలో రాయలేనిది, ఒక్క కామిక్‌లోనే కుదిరేది ఇలా ఉంటుందన్నమాట. ఇది నచ్చకపోతే మీకు కామిక్స్ పడవేమో, సినిమాలే చూసుకోండి, తప్పేం లేదు.

రెండోది మిస్ మార్వెల్, 2014, రచన జి. విల్లో విల్సన్, బొమ్మలు ఏడ్రియన్ అల్ఫోనా. జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ కుటుంబపు పిల్ల కమలా ఖాన్. మొదటి పేజీలోనే కొట్లో నిలబడి, తినకూడని మాంసం శాండ్‌విచ్‌ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంటుంది, తినదు, ఊరికే వాసన. ఆ ఒక్క బొమ్మతో పిల్ల మొత్తం అర్థమైపోతుంది. రాత్రి పార్టీకి వెళ్తానంటే నాన్న వద్దంటాడు, కిటికీలోంచి దిగి వెళ్లిపోతుంది, అక్కడ పొగమంచు కమ్ముకుంటుంది, అందులో తను ఆరాధించే ఎవెంజర్స్ కనిపించి అమీర్ ఖుస్రో పాట వినిపిస్తారు. మతం వేరు, దేశం వేరు, కానీ ఆ ఇల్లు మనకి బాగా తెలిసిన ఇల్లే, ముఖ్యంగా న్యూజెర్సీలో పిల్లల్ని పెంచుతున్న తెలుగు వాళ్లకి. అక్కడే ఉంటున్న మా అక్క కూతురు ఇది చదివి, "మామయ్యా, ఆ నాన్న అచ్చం మా నాన్నే" అంది. మా బావకి ఇంకా చెప్పలేదు. ఈ మొదటి సంపుటానికి 2015లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకి ఇచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది.

స్పైడర్‌మ్యానే కావాలంటారా, ఎక్కువమందికి అతనే కావాలి, అయితే 2000లో మొదలైన అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ తీసుకోండి. పాత కథల బరువు లేకుండా, వేరే విశ్వంలో, మళ్లీ మొదటి నుంచి చెప్పాలనే పెట్టిన పత్రిక అది. 1962లో స్టాన్ లీ, డిట్కో 11 పేజీల్లో ముగించిన మొదటి కథని ఇక్కడ బ్రయన్ మైకేల్ బెండిస్ 7 సంచికలు సాగదీశాడు. సాగదీశాడనే అంటాను, కానీ ఆ సాగదీతలోనే మే పెద్దమ్మ, బెన్ పెదనాన్న నిజం మనుషులయ్యారు, ఆయన పోయినప్పుడు నిజంగా బాధేస్తుంది. మార్క్ బ్యాగ్లీ మధ్యలో ఎవరికీ వదలకుండా 111 సంచికలు గీశాడు, అంటే అన్ని సంచికల్లోనూ ఆ పిల్లాడి మొహం మారదు. ముప్ఫై దాటి, ఈఎంఐలు, పిల్లల స్కూలు ఫీజుల మధ్య ఉన్నవాళ్లకైతే 2024లో జొనాథన్ హిక్‌మన్, మార్కో కెకెట్టో మొదలుపెట్టిన అదే పేరున్న కొత్త పత్రిక ఇంకా బాగా పడుతుంది. అందులో పీటర్‌కి పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, సాలీడు శక్తి అప్పుడొస్తుంది. పేర్లు ఒకటే కాబట్టి కొనేటప్పుడు సంవత్సరం చూసుకోండి.

ఇక వద్దనేవి. సివిల్ వార్, ఇన్ఫినిటీ గాంట్‌లెట్ లాంటి ఈవెంట్లతో, అంటే చాలామంది హీరోలు ఒకేచోట చేరే భారీ కథలతో, మొదలుపెట్టొద్దు. సినిమా పేరు చూసి అందరూ ముందు వాటినే కొంటారు. 2006 నాటి సివిల్ వార్‌లో రెండో సంచిక చివర స్పైడర్‌మ్యాన్ విలేకరుల ముందు ముసుగు తీసి నా పేరు పీటర్ పార్కర్ అంటాడు. నలభై ఏళ్లకు పైగా ఆ రహస్యం కోసం వాడు పడ్డ పాట్లు కొన్నయినా చూసి ఉంటే ఆ పేజీకి గుండె ఆగుతుంది, లేకపోతే ఎవరో కుర్రాడు మైకుల ముందు ముసుగు తీశాడు, అంతే. దానికి తోడు అసలు కథ 7 సంచికలే అయినా, టై-ఇన్ల పేరుతో ప్రతి పత్రికలోనూ దాని ముక్కలుంటాయి, అవన్నీ కొనిపించడమే ఈవెంట్ పని. 1991 నాటి ఇన్ఫినిటీ గాంట్‌లెట్ అంత గందరగోళం కాదు, 6 సంచికలు, బాగుంటుంది కూడా. కాకపోతే అందులో థానోస్ సగం జీవుల్ని చంపేది వనరులు సరిపోవని కాదు, మృత్యుదేవతని ప్రేమించి ఆవిడ మెప్పు కోసం. కథ నడిపేది ఎక్కువగా ఆడమ్ వార్‌లాక్, సిల్వర్ సర్ఫర్. ఎండ్‌గేమ్ మనసులో పెట్టుకుని తెరిస్తే ఇదేంటి అనిపిస్తుంది.

ఎక్కడ చదవాలి అంటే, మొదట్లోనే ఓమ్నిబస్, అంటే బోలెడు సంచికలు కలిపి వేసే లావు పుస్తకం, కొనకండి. అలమరాలో అందంగా ఉంటుంది, ధర వేలల్లో ఉంటుంది, పడుకుని చదివితే పొట్ట మీద రోలు పెట్టుకున్నట్టే. అయిదారు సంచికలు కలిపి వేసే పేపర్‌బ్యాక్ చాలు. చందా కట్టగలిగితే మార్వెల్ అన్‌లిమిటెడ్ యాప్‌లో 30,000కు పైగా సంచికలున్నాయి, కొత్తవి మాత్రం కొన్ని నెలలు ఆగి వస్తాయి. ఫోన్‌లో బొమ్మ బొమ్మగా చూపించే పద్ధతిలో హాకై చదవొద్దు, అయా పేజీ మొత్తం ఒకేసారి కనపడాలి, ట్యాబ్ ఉంటే నయం. అమెరికాలో ఉన్నవాళ్లు ముందు మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు తీసుకోండి, చాలా లైబ్రరీలు ఇచ్చే హూప్లా యాప్‌లో మార్వెల్ సంపుటాలు ఉచితం. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అప్పుడప్పుడు విడి సంచికలు తగులుతాయి, ముందూ వెనకా ఉండదు, తీసుకోండి, ఏం పర్లేదు.

ఎక్స్-మెన్ ఏది అంటారు వెంటనే. అది రెండో ఏడాది సంగతి. ఆగలేనంటే 1975 నాటి జెయింట్-సైజ్ ఎక్స్-మెన్ ఒకటో సంచిక చదివి, అక్కడి నుంచి క్రిస్ క్లేర్‌మాంట్ రాసినవి పట్టుకోండి. ఆయన 1991 దాకా వదల్లేదు, కాబట్టి మీరు మధ్యలో వదిలేసినా ఎవరూ ఏమీ అనుకోరు. డార్క్ ఫీనిక్స్ కథ 1980లో వస్తుంది, అక్కడిదాకా మాత్రం లాక్కురండి. 2019 నాటి హిక్‌మన్ ఎక్స్-మెన్ తెలివైన పని అని అందరూ అంటారు, నేనూ అంటాను, కానీ మధ్యమధ్యలో పేజీల నిండా చార్టులుంటాయి. ఆఫీసులో చూసే ఎక్సెల్ చాలదా అనిపించేవాళ్లు దాని జోలికి ఇప్పుడే పోకండి.